మూత బిగించిన సీసా

"ఈ సీసా మూత మన సోలాపూర్‌ల బిగించింది కాదు మామయ్యా! ఖరే చెప్తున్న, ఏదో పెద్ద గుట్ట మీద బిగించిన్రు."

కోడలు ప్రణాలి ఆ మాట అనేసరికి రాజయ్య గొంతులో వెలక్కాయ పడింది. కరెంటు పోయి తువ్వాళ్లు నేసే మరమగ్గం, అదే సాంచా, ఆగిందని ఇంట్లోకొచ్చి, చాయ్ ఇంకా రెండు గుక్కలు కూడా తాగలేదు. ఆమె చేతిలో ఖాళీ నీళ్ల సీసా ఉంది. మూత గట్టిగానే ఉంది గానీ, పక్కలు రెండూ లోపలికి పీక్కుపోయాయి.

"గుట్టనా? మనముండే అశోక్ చౌక్‌ల గుట్ట యాడిదమ్మా?" అన్నాడు నవ్వబోయి.

ప్రణాలి సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. పాఠం దొరికిందంటే చాలు, ఎదుటివాళ్ల మొహాలు చూడదు.

"గుట్ట మీద హవా పల్చగుంటది మామయ్యా. ఆడ నీళ్లు తాగి మూత పెడితే ఆ పల్చటి హవానే లోపలుంటది. కిందికి తెస్తే బయటి హవా ఒత్తిడి ఎక్కువైతది. ఒత్తిడి పెరిగితే లోపలి హవా తక్కువ జాగల సర్దుకుంటది. అందుకే సీసా ఇట్ల గుంజుకపోయింది. ఇయ్యాల పిల్లలకు ఇదే పాఠం! అసలు ఇది నాకు యాడ దొరికిందంటే..."

"దొరికితే దొరికిందిలే!" గడప దగ్గర కూచుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న సుశీల మధ్యలోనే అందుకుంది. "ఇటియ్యి దాన్ని. నీళ్లు పోస్త. ఆకు ఎండిపోతున్నది."

రాజయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. భార్య తలెత్తకుండా మాట్లాడిందంటే కోపం నషాళానికి అంటిందన్నమాటే. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నేర్చిన శాస్త్రం అదొక్కటే.

ఆ ఇంట్లో ఎవరెక్కడికి పోయినా ఖాళీ సీసా పారెయ్యరు. మూత బిగించి తెచ్చి సుశీలకిస్తారు. ఆమె మూతకు తూట్లు పొడిచి, ఆకు మెత్తబడేందుకు దాంతో నీళ్లు చిలకరిస్తుంది. రాజయ్య కూడా అలవాటు కొద్దీ అదే చేశాడు. తెచ్చింది మాత్రం మహాబళేశ్వర్ కొండ మీది నుంచి! కిందటి నెల పండరిపురం పోతున్నానని ఇంట్లో చెప్పి, దోస్తు పెంటప్ప మాట విని అక్కడికి చెక్కేశాడు. మహాబళేశ్వర్ చూస్తే ఇద్దరం కలిసే చూద్దామని పెళ్లయిన కొత్తలో సుశీలకు ఒట్టేసిన మనిషి కూడా ఆయనే.

సుశీల అలాంటిది కాదు. పోయిన వారమే తోటి బీడీల ఆడవాళ్లతో, సోలాపూర్ లాగే చదును నేల మీదున్న అక్కల్‌కోట పోయి, గుడి దగ్గర ఒక రాత్రి నిద్ర చేసి, ఈయన మోకాళ్ల నొప్పులు తగ్గాలని మొక్కుకుని వచ్చింది. అది తలుచుకుంటే రాజయ్యకు మరీ సిగ్గేసింది.

"ఎవరన్న తొక్కిన్రేమోనమ్మా," అన్నాడు.

"మూత బిగించున్నదాన్ని తొక్కినా, కాలు తీయంగనే మళ్ల ఉబ్బుతది మామయ్యా."

"ఎండకేమో?"

"ఎండకు ఇంకింత ఉబ్బుతది. కావాలంటే సూడున్రి, మూత తిప్పుత..."

"ఏం తిప్పొద్దు!" సుశీల గట్టిగా అరిచింది. "పాఠం లేదు గీఠం లేదు. పొయ్యి మీద పప్పు మాడుతదేమో సూడు పో!"

కోడల్ని లోపలికి పంపించి తన సంగతి తేల్చుకోవడానికేనని రాజయ్యకు అర్థమైపోయింది. ఈలోగా ప్రణాలి మూత తిప్పనే తిప్పింది. సుయ్యిమని గాలి లోపలికి పోయి, సీసా పక్కలు టప్పున బయటికొచ్చాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దాంతోపాటే రాజయ్య నోట్లోంచి నిజమూ బయటికొచ్చింది.

"నేనే తెచ్చిన సుశీలా! నేను పండరిపురం పోలే. పెంటప్ప బలవంతం జేస్తే మహాబళేశ్వర్ పోయిన. ఒట్టు తప్పిన. ఏమంటవో అను!"

సుశీల చేతిలో కత్తెర ఆగింది. ఒక్క క్షణం మొగుడి మొహంలోకి వింతగా చూసింది. ఆ తర్వాత అందుకుంది చూడండి!

"ఓ విఠలా! నీ పేరు జెప్పి గుట్టలు తిరిగొచ్చిండా ఈ మనిషి? నేనిక్కడ ఆకు కత్తిరిస్తుంటే నువ్వక్కడ స్ట్రాబెర్రీలు తింటివా? ఒట్టు తీసి గట్టు మీద పెడితివా?"

"తప్పైంది. వచ్చే నెల ఇద్దరం పోదాం."

"పెంటప్పను ఎంటేసుకొస్తవా?"

"వాని నీడ గూడ రానియ్య!"

"గట్లనే గానీ," అంది సుశీల. ఇంత తొందరగా నవ్వుతుందని రాజయ్య అనుకోలేదు. గుండెల మీది బండ దిగిపోయింది. చల్లారిన చాయే అయినా ఎంత తియ్యగా ఉందో! ఇంత మంచి ఇల్లాలిని వదిలేసి ఒక్కడే పోయినందుకు తనను తానే తిట్టుకున్నాడు.

ప్రణాలి మాత్రం సీసాను అటూ ఇటూ తిప్పుతూ అక్కడే నిలబడింది.

"గని మామయ్యా, మీరు తెచ్చిన సీసా మూతకు అత్తమ్మ ఆ దినమే తూట్లు వొడిచింది గదా. అగో, ఆకు పక్కన ఉన్నది అదే."

రాజయ్య చేతిలో చాయ్ గ్లాసు మధ్యలోనే ఆగిపోయింది. సుశీల గబగబా ఆకు సర్దుకోసాగింది.

"ఇది నాకు దొరికింది అత్తమ్మ అక్కల్‌కోట సంచిల!"