నలభై ఇళ్ల సర్వే

“తెలుగు చచ్చిపోయిందా? యాడరా?” సౌభాగ్యం పకపకా నవ్వింది.

మేనల్లుడు హరిహరన్ కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. పీహెచ్‌డీ ప్రతిపాదన సాయంత్రం ఐదింటికల్లా యూనివర్సిటీలో ఇచ్చెయ్యాలి. అప్పుడే మూడయింది. తెలుగులో తన పేరు కూడా రాసుకోలేని ఈ మేనత్తకు దాన్ని చదివి వినిపించడమే తను చేసిన తప్పు.

“ఈ ముదలియార్‌పేటలోనే అత్తా. మన తెలుగోళ్లవే నలభై ఇళ్లు తిరిగినా. ఒక్కరూ తెలుగులో జవాబు చెప్పలే. ఇవన్నీ నీకు అర్థం కావులే.”

“నువ్వు ఏ భాషలో అడిగితివి?”

“తమిళంలో. ప్రశ్నలు అట్లే అచ్చేసి ఇచ్చినారు మా సారు.”

“భక్తవత్సలం ఇంట్లో గూడా?”

“ఆయనా తమిళంలోనే చెప్పినాడు. రాసుకున్నా.”

“ఆయన గూడా రాసుకున్నాడులే, మనసులో. నువ్వు గేటు దాటినావో లేదో, పెండ్లాన్ని తోడుకోని ఈడికి వచ్చినాడు. ‘సౌభాగ్యమక్కా, మీ వాడికి తెలుగు పోయిందే, పాపం! పిల్లోడు కష్టపడతాడని మేమే తమిళంలో చెప్పినాం’ అన్నాడు. ఏ భాషలో అన్నాడో అడగవా?”

ఆ నలభై ఇళ్లవాళ్లూ తనతో అంత జాలిగా, అంత నిదానంగా ఎందుకు మాట్లాడారో హరిహరన్‌కు ఇప్పుడు తెలిసింది. ప్రింట్ నొక్కబోయిన వేలు అక్కడే ఆగిపోయింది.

సౌభాగ్యం చీర దులుపుకుని లేచింది.

“ఐదుకు ఇంకా రెండు గంటల టైముండాది. చచ్చింది ఎవరి నోట్లోనో సరిగ్గా రాయి.”