బానెట్ మీద దిష్టిచుక్క

కార్లు ఒంటికి పూసిన రంగుతోనే దారి చూడటం మొదలుపెట్టాక సుభాషిణికి ఇంటిపని పెరిగింది. సముద్రపు ఉప్పుగాలికి రంగు మసకబారకూడదని మొన్ననే కొత్త పూత వేయించారు. అది గట్టిపడేదాకా సబ్బు తగలనివ్వకుండా, మెత్తటి గుడ్డతో దుమ్ము మాత్రమే తుడవాలి. ఆమె రోజూ అలాగే తుడిచింది.

ఆ ఉదయం చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. మరిది ఓడ మీద ఉన్నాడు; ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది తనే. పరుగున వచ్చి కూర్చుంటే కారు కదల్లేదు.

"ఎడమ పక్క నాకేమీ కనబడటం లేదండీ," అంది కారు.

దిగి చూస్తే బానెట్ ఎడమ మూల కాటుక చుక్క! పచ్చి పూతలోకి కాటుకలోని ఆముదం ఇంకిపోయి, ఎంత తుడిచినా పోవడం లేదు.

"నానే పెట్టానమ్మా," అంది అత్తగారు వరాలమ్మ. "అద్దంలా మెరిసిపోతంటే దిష్టి తగలదేటి?"

"దాని కంట్లోనే పెట్టారు కదా అత్తయ్యా!"

"ఎడమ పక్క ఏముందో ఎవరైనా చెబితే వెళ్తాను," అంది కారు.

"నా తప్పు నానే దిద్దుకుంటాను," అంటూ వరాలమ్మ ముందు ఎడమ సీట్లో కూర్చుంది. "అదిగో కుక్క పడుకుంది, తప్పుకో. ఇక్కడ టిఫిన్ బండి, జాగర్త."

కారు మెల్లగా సాగింది. సుభాషిణి వెనక నుంచి తొంగి చూసింది. కుక్కా లేదు, బండీ లేదు.

"అత్తయ్యా, మీకు కనబడుతోందా?"

వరాలమ్మ తల దించుకుంది. "రోజూ అక్కడే ఉంటాయి కదమ్మా. ఈ కళ్లకి పొర కమ్మి ఏడాదైంది. ఆపరేషనంటే భయమేసి చెప్పలేదు."

సుభాషిణి కారు ఆపించి, అత్తగారిని వెనక కూర్చోబెట్టి, తను ముందుకొచ్చింది.

"ఎడమ పక్క ఖాళీ," అంది కారుతో. "పద. ఆసుపత్రిలో ఇద్దరిని చూపించాలి."