వెనకబడ్డ బండి

ఇరాకీ సైన్యం కువైట్‌లో దిగిన వారానికి అల్ రాయ్ షెడ్ల వీధుల్లో కరెంటు పోయింది. మెకానిక్ ఓబులేసు తనకు వీసా ఇచ్చిన కువైటీ యజమాని, అంటే కఫీల్, కొడుకు మిషారి మోటార్‌సైకిల్ బ్యాటరీ ఊడదీసి, దానికి చిన్న బల్బు తగిలించాడు. మిషారికి ఇక బండితో పనిలేదు. ఆ మధ్యాహ్నమే సైనికులు షెడ్డులోకి జొరబడి, అతని తల ఆ బండి ట్యాంకుకే ఆనించి కాల్చారు. ఎంత కడిగినా ట్యాంకు మీద నెత్తుటి చారలు పోలేదు. అతనికన్నా ముందు సౌదీ వైపు బయలుదేరిన నలుగురు స్నేహితులనూ సల్మీ రోడ్డు మీద బండ్లతో సహా తగలబెట్టారు.

కిందటేడు ఆ ఐదుగురూ అమెరికాలో ఏదో పాతకాలపు రహదారి మీద పొద్దస్తమానం బండ్లు తోలి వచ్చారు. గుంపుకు ఒకటే కట్టుబాటని మిషారి చెప్పేవాడు. వెనకబడ్డవాడు వచ్చి రెండుసార్లు హారన్ కొట్టేదాకా ముందువాళ్ళు కదలకూడదు.

ఆ రాత్రి షట్టరు బయట బండ్లు వచ్చి నిలిచాయి. ఇంజన్లు ఆపలేదు.

"సైనికులేమో అన్నా," గుసగుసగా అన్నాడు ఓబులేసు.

పెద్ద మెకానిక్ సుబ్బరాయుడు చెవి రిక్కించాడు. "కాదురా. ఆ నలుగురివే, మన చేత్తో బాగుచేసిన బండ్లు. కాలిపోతాంటే నా కండ్లతో చూసినా."

"మరి దేనికి నిలబడినారు?"

సుబ్బరాయుడు మూలనున్న మిషారి బండి వైపు చూశాడు.

ఓబులేసు బల్బు తీగ పీకేసి, బ్యాటరీని ఒళ్ళో అదిమి పట్టుకున్నాడు. "హారనెట్లా మోగుతాది అన్నా? బ్యాటరీ నాకాడే ఉండాది గదా."

చీకట్లో, ఓబులేసు ఒళ్ళో, బ్యాటరీ మెల్లగా వేడెక్కింది.

మూల నుంచి హారన్ మోగింది. ఎవరో ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, మళ్ళీ మోగింది.