ఇంకా రెండు దుప్పట్లు

"మెల్లగా తొక్కండి, బెల్టు తెగితే ఆ తడిబట్టలు మీరే పిండాలి!" వంటింటి కిటికీలోంచి భార్య అరిచింది.

పెరట్లో సైకిలుకి బెల్టు తగిలించి వాషింగ్ మెషీన్ తిప్పుతున్నాడతను. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఫిట్టర్ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కరెంటు పోతే మాత్రం హుషారుగా సైకిలెక్కేస్తాడు.

"పని వెతుక్కోవడం మానేసి ఈ సర్కస్ ఏంటండీ?"

"చూడ్డానికి నీకు టికెట్ లేదులే, తొక్కనీ!" అంటూ పకపకా నవ్వాడు.

అతను అలా నవ్వి ఎన్నాళ్లయిందో అనుకునేంతలో ఆమె నెత్తిమీద ఫ్యాను కదిలింది.

"ఏమేవ్, కరెంటొచ్చిందా? బెల్టు తీసెయ్యనా?" ఆ గొంతులో నవ్వు లేదు.

ఆమె గబుక్కున ఫ్యాను ఆపేసింది.

"ఎక్కడొచ్చిందండీ! ఇంకా రెండు దుప్పట్లున్నాయి. కానివ్వండి, మీరుండబట్టి సరిపోయింది."