వంతెన మీద మంద

ఆదివారం ఉదయం పావు తక్కువ పది. రాత్రి కురిసిన వాన వెలిసి, కిర్గిజ్ కొండల నడుమ తలాస్ లోయ మీద పలచటి ఎండ పరుచుకుంది.

పొరుగూరి బంధువులకు ఎదురువచ్చిన యుస్టీనా, నల్లగౌను అంచు ఎత్తిపట్టుకుని వంతెన ముందు నిలబడిపోయింది. ఊళ్లోకి అదొక్కటే దారి. దాని నిండా గొర్రెలు.

"మళ్లీ ఆదివారమేనా, ఎసెన్‌బాయ్? వారంలో ఇంకో రోజు లేదా నీ గొర్రెలకు?"

కిర్గిజ్ కాపరి టోపీ వెనక్కి నెట్టాడు. "మీ పాట వింటే గానీ మేత సయించదంటున్నాయక్కా."

ఆమెకు నవ్వు రాలేదు.

తాతలు బీడునేలకు కాలువ తెచ్చి, పోప్లార్ చెట్లు నాటి నిలబెట్టిన, మెన్నోనైట్లనే జర్మన్ క్రైస్తవుల ఊరు అది. ఒకప్పుడు వాళ్ల వెన్నకు పట్నంలో పేరుండేది. సోవియట్ సర్కారు భూములు తీసుకుని, ప్రార్థనమందిరాన్ని ధాన్యపు కొట్టుగా మార్చింది. అప్పటినుంచి కిటికీలకు దుప్పట్లు కట్టి, యుస్టీనా ఇంట్లోనే రహస్యంగా ప్రార్థన.

పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వని సంఘం వాళ్లది. ఎదిగినవాళ్లు తామై అడిగితేనే ఊరికి మరో తరం. ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆరుగురు అడిగారు. వచ్చే ఆదివారం, పెంతెకొస్తు పండగనాడు, సంఘపెద్ద కొర్నేలియస్, యుస్టీనా భర్త, వాళ్లకు బాప్తిస్మం ఇవ్వాలి.

ఆ రోజు అతిథులు పెంట తొక్కుకుంటూ రాకూడదు. యుస్టీనా సర్కారు సమష్టి వ్యవసాయ క్షేత్రం అధ్యక్షుణ్ణి కలిసి, ప్రార్థన మాట ఎత్తకుండా, వీధి శుభ్రత గురించి మాత్రం ఫిర్యాదు చేసింది. ఆయన కాపరిని కొండమీది మేతకు పొమ్మన్నాడు.

వెళ్తూ ఎసెన్‌బాయ్ ఆమె గుమ్మం దగ్గర ఆగాడు.

"పండగ దాటాక పోతానక్కా. అధ్యక్షుడితో ఒక్కమాట చెప్పు."

"గొర్రెలకు పాటలెందుకు? గడ్డి చాలు."

అతని వెనకే అధ్యక్షుడి మనిషి నిలబడి ఉన్నాడు. ఎసెన్‌బాయ్ ఓసారి అటు చూసి, గొర్రెలను కొండవైపు అదిలించాడు.

పెంతెకొస్తునాడు వంతెన అద్దంలా ఉంది. మొదటి పాట ముగియకముందే పోలీసు జీపు వాకిట్లో ఆగింది.

కొర్నేలియస్‌ను జీపెక్కించాక అధికారి మంచినీళ్లు అడిగాడు. యుస్టీనా ఇచ్చింది.

"ఇవాళే దారి దొరికింది" అన్నాడతను, మూతి తుడుచుకుంటూ. "ఏ ఆదివారం వచ్చినా వంతెన మీద ఆ కాపరి మందే. అది కదిలేసరికి మీరు ఎవరిళ్లల్లో వాళ్లు. హారన్ కొట్టీ కొట్టీ విసుగొచ్చేది. వాణ్ణి అని ఏం లాభంలే. పుట్టుచెవిటివాడు."

కొర్నేలియస్ తిరిగి రాలేదు. బాప్తిస్మం అందని ఆ ఆరుగురూ ఒక్కొక్కరే ఊరు విడిచారు. ఇరవై రెండేళ్ల తర్వాత, అందరికన్నా చివరగా జర్మనీకి బయలుదేరిన యుస్టీనా, తన ఇంటి తాళంచెవిని ఎసెన్‌బాయ్ కొడుకు చేతిలో పెట్టింది.