ముందే టైపైన మినిట్స్

దేశదేశాలు దాటిన జ్వరం మా ఊళ్లోకి దిగింది. బడులు మూయాలా వద్దా అని తేల్చే మీటింగు ఇంకా మొదలు కాలేదు, కార్యదర్శి మాత్రం దాని మినిట్స్ ముందే టైపు చేయించి ఉంచాడు. పైవాళ్ల మనసెరిగి రాయడంలో అతనిది అందెవేసిన చేయి.

ల్యాబు డాక్టరమ్మ రిపోర్టుతో వచ్చింది. అతను కాగితం ముందుకు తోశాడు.

“చదవడానికేముందమ్మా, సంతకం పెట్టండి.”

ఆమె చదివింది. ‘శాస్త్రవేత్తల సలహా మేరకు బడులు తెరిచే ఉంచాలి.’

“నేను నోరు విప్పకముందే నా సలహా మీకెలా తెలిసిందండీ? కల్లోకొచ్చి చెప్పానా?”

ఆ వాక్యం కొట్టేసి, ‘బడులు రేపే మూసేయాలి’ అని రాసి, కింద సంతకం చేసింది.

“ఉద్యోగం మీద ఆశ లేదా?”

“ఉందండీ. అందుకే నా పని నేను చేశా.”

కార్యదర్శి ఆ కాగితం ఫైల్లోంచి లాగేసి, కొత్తది పెట్టించాడు. ఆమెను బదిలీ చేశారు. బడులు తెరిచే ఉన్నాయి. నెల తిరిగేసరికి ప్రతి తరగతిలోనూ హాజరు వేసేటప్పుడు కొన్ని పేర్లు పిలవడం మానేశారు.

ఇరవై ఏళ్లకు విచారణ సంఘం, ‘ఆనాడు ఏ శాస్త్రవేత్తా హెచ్చరించలేదు’ అని తేల్చబోతోంది. శుద్ధ అబద్ధం. ఆ కాగితం నా దగ్గరుంది. ఆ కార్యదర్శిని నేనే.

ఇవాళ ఆమె సంతకం కింద నాది పెట్టి సంఘానికి పంపాను. ఏం చేసుకుంటారో చేసుకోమనండి.