ముక్కు పరీక్ష

హొసకోటె పక్కన ఉన్న ఆ మందుల ఫ్యాక్టరీలో మేనేజరు రాజగోపాల్‌ను వణికించేవి రెండే. ఒకటి హెడ్డాఫీసు ఫోను. రెండోది గురప్ప ముక్కు.

గురప్ప ఇల్లు ఫ్యాక్టరీ గోడ వెనకే. రెండెకరాల మల్బరీ తోట, ఇంటినిండా పట్టుపురుగుల తట్టలు. ఫ్యాక్టరీ వచ్చాక వరసగా మూడు పంటలు పోయాయి. పురుగులు ఆకు ముట్టకుండా, తలలు పైకెత్తి చచ్చిపోయేవి. గురప్ప భార్య జయమ్మ ఒకరోజు చచ్చిన పురుగుల్ని చేటలో తెచ్చి గేటు ముందు పోసింది. వాచ్‌మన్ వచ్చి ఊడ్చేశాడు.

అప్పట్నుంచి గురప్ప కాలుష్య నియంత్రణ అధికారికి పోస్టుకార్డులు రాయడం మొదలుపెట్టాడు.

“మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ఇరవై నిమిషాలు ఉండింది.”

“శుక్రవారం మూడుంబావు. అమ్మోనియా. కండ్లు మండినాయి.”

ఆ కార్డుల నకళ్ళు ఫ్యాక్టరీకి వచ్చేవి. రాజగోపాల్ వాటిని, ఏ వాయువు ఎప్పుడు వదిలారో రాసుకునే తన లాగ్‌బుక్ పక్కన పెట్టుకుని చూసి చెమట తుడుచుకునేవాడు. నిమిషం తేడా ఉండేది కాదు.

“అది మనిషి ముక్కా, మీటరా?” అని ఎదురుగా ఉన్న సౌమ్య మీద అరిచేవాడు.

సౌమ్య అక్కడ కెమిస్టు. పొగగొట్టంలోంచి ఏ వాయువు ఎంత పోతోందో కొలిచి నెలనెలా రిపోర్టు పంపడం ఆమె ఉద్యోగం. కాకపోతే, రియాక్టర్లు ఆపేసిన పూట చూసి కొలవమనేవాడు రాజగోపాల్. అంకెలు పసిపాపల్లా అమాయకంగా వచ్చేవి. కింద సంతకం మాత్రం సౌమ్యది.

“నిజం రాద్దాం సార్” అంది మొదట్లో ఒకసారి.

“నీ వెనక ఇంకో నలుగురు ఎమ్మెస్సీలు క్యూలో ఉన్నారమ్మా” అన్నాడాయన.

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

1999 జూన్‌లో అధికారి రియాజ్ స్వయంగా వచ్చాడు. ఒక చేతిలో ఫ్యాక్టరీ రిపోర్టులు, ఇంకో చేతిలో ముప్పై పోస్టుకార్డులు.

“మీ రిపోర్టులు చూస్తే చిమ్నీలోంచి మల్లెపూల గాలి వస్తున్నట్టుంది. ఈయన రాత చూస్తే ఊరు ఖాళీ చెయ్యాలనిపిస్తోంది. ఎవర్ని నమ్మమంటారు?”

రాజగోపాల్‌కు అప్పుడే ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది.

“పరీక్ష పెడదాం సార్. కళ్ళకు గంతలు కట్టి, సీసాలు వాసన చూపిద్దాం. అన్నీ సరిగ్గా చెబితే ఆ కార్డులు నమ్మండి. ఒక్కటి తప్పినా చెత్తబుట్టలో వెయ్యండి.”

బీడీలు కాల్చీ కాల్చీ మసిబారిన ముసలి ముక్కు. దానికి రసాయనాలు తెలిసే ప్రశ్నే లేదని ఆయన ధీమా.

“సరే, కానీ అన్నీ చెప్పాడంటే, ఈసారి మీకు చెప్పకుండా వచ్చి కొలుస్తాను” అన్నాడు రియాజ్.

సీసాలు సిద్ధం చేసే పని సౌమ్యకే పడింది. ఆరు సీసాలు, చుట్టూ నల్ల కాగితం, పైన నంబర్లు.

“దేంట్లో ఏముందో నీకు తప్ప దేవుడికి కూడా తెలియకూడదు. నాక్కూడా చెప్పకు” అన్నాడు రాజగోపాల్. మళ్ళీ గొంతు తగ్గించి, “ఆరోదాంట్లో మాత్రం ఉత్త నీళ్ళు పోయ్. దానికీ ఏదో ఒక పేరు చెప్పి దొరికిపోతాడు” అని తనలో తనే నవ్వుకున్నాడు.

మర్నాడు ఉదయం క్యాంటీన్ కిటికీల నిండా ఊరివాళ్ళ తలలే. గురప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా వచ్చి కూర్చున్నాడు. కళ్ళకు గంతలు కట్టారు.

“ఒకటో నంబరు” అంటూ రియాజ్ మూత తీశాడు.

గురప్ప మెడ చాచి పీల్చాడు. “అమ్మోనియా.”

“రెండు.”

“ఇంజెక్షను ముందర దూదితో పూస్తారే, ఆ స్పిరిట్టు.”

“మూడు.”

“కుళ్ళిన కోడిగుడ్డు. మా ఇంటికి వారానికి రెండుతూర్లు వస్తాదిలే, సుట్టం మాదిరి.”

కిటికీలు గొల్లుమన్నాయి. నాలుగోది వెనిగరన్నాడు. ఐదోది తన కోడలు గోళ్ళ రంగు తుడుచుకునే మందన్నాడు. రెండూ సరిపోయాయి.

“ఆరు.”

రాజగోపాల్ కుర్చీ అంచుకు జరిగాడు. గురప్ప ఒకసారి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తల అడ్డంగా ఊపాడు.

“దీంట్లో ఏమీ లేదప్పా. ఉత్త నీళ్ళు. బోరువి.”

ఈలల మోతకు క్యాంటీన్ రేకులు అదిరాయి. రాజగోపాల్ ఆ సీసా లాక్కుని తనే వాసన చూశాడు. నిజంగానే నీళ్ళు.

ఆ తర్వాతి మంగళవారం రెండు గంటలకు, చెప్పాపెట్టకుండా రియాజ్ మీటరుతో దిగాడు. ఉండాల్సినదానికి నాలుగింతలు చూపించింది. మూడు నెలల్లో వాయువును నీళ్ళతో కడిగే స్క్రబ్బరు పెట్టకపోతే గేటుకు తాళం వేస్తామని నోటీసు వచ్చింది. స్క్రబ్బరు వచ్చింది. రాజగోపాల్ ఎక్కడో గోడౌనుకు బదిలీ అయ్యాడు.

ఆ తర్వాత వేసిన పంట నిలబడింది. జయమ్మ కబురు పెడితే, ఒక ఆదివారం సౌమ్య చూడ్డానికి వెళ్ళింది. పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికల నిండా పసుపుపచ్చటి పట్టుగూళ్ళు. జయమ్మ ఒక గూడు తీసి ఆమె అరచేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

పురుగుల గదిలో కంపు గుప్పుమని కొట్టి సౌమ్య చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“వాసనొస్తా ఉండాదా సౌమ్యమ్మా?” అని నవ్వాడు గురప్ప. “పన్నెండేండ్ల కింద పెద్ద జొరం వచ్చిపోయినప్పట్నుంచి నాకు మంచి వాసనా తెలీదు, చెడ్డదీ తెలీదు; నువ్వు ఆ టైములూ, సీసాల వరసా చెప్పకపోయింటే ఈ ముక్కు మొగానికి దండగే!”